ఎద్దులకి తగ్గ బండి

పోయిన నెల పెండ్లి పాటల గురించి రాస్తిమి. ఈ నెల బండి కొలతల గురించి.

మా తమ్ముడి సంసారం అమెరికాలో, టెక్సస్‌లో ఉండాది. కారు వెనక తగిలించి లాక్కుపోయే ఇల్లు ఒకటి కొనాలని వాళ్లకి ఆశ. దాన్ని అక్కడ ట్రావెల్ ట్రైలర్ అంటారు. లోపల మంచం, పొయ్యి, కక్కసు, నీళ్ల తొట్టి అన్నీ ఉంటాయి, ఇంజను మాత్రం ఉండదు. అడవి పక్కనో చెరువు పక్కనో క్యాంపింగ్ కోసం విడిచిన జాగాలో దాన్ని నిలిపి, రెండు మూడు రోజులు ఉండి వస్తారు. ఎన్ని అడుగులది కొనాలి అన్నదాని మీద టెక్సస్‌కీ మేలూరుకీ నడమ మూడు నెలలు ఫోన్లు నడిచినాయి. తేలిన లెక్కలు మనవాళ్లలో ఇంకా కొందరికి పనికొస్తాయని ఇక్కడ రాసి పెడతా ఉండాము.

మన తట్టు కారవాన్ అంటే సినిమా షూటింగు దగ్గర నటులు కూర్చునే బండి అనే అందరికీ తెలుసు. పక్కన కేరళలో 2021లో కారవాన్ టూరిజం అని ఒక పథకం పెట్టినారు. అయినా కారు వెనక ఇల్లు కట్టుకుని పోవడం మన రోడ్ల మీద ఇంకా అరుదే. కానీ లాగేది ఒకటిగా, వెనక వచ్చే ఇల్లు ఇంకొకటిగా ఉండే ప్రయాణం మన ఇండ్లకి కొత్త కాదు. మా నాయన చిన్నతనం దాకా తిరునాళ్లకి పోవడమంటే అదే.

గూడుబండి లెక్క

మా ఇంట్లో రెండు బండ్లు ఉండేవి. పెరియారు అణకట్టు 1895లో పూర్తయి కాలవ నీళ్లు వచ్చినాక మేలూరు తట్టు వరి ఎచ్చయింది. ఆ వడ్ల మూటలు మోసేదానికి పొడుగు బండి ఒకటి. రెండోది గూడుబండి. తొట్టి ఆరడుగుల పొడుగు, మూడున్నర అడుగుల వెడల్పు. పైన వెదురు బద్దలు వంచి చాప కప్పిన గూడు. లోపల మందంగా వరిగడ్డి పరిచి, దాని మీద జంపకాన వేసేవాళ్లు. తొట్టి కింద గోతాం ఊయల మాదిరి కట్టి అందులో ఎద్దులకి గడ్డి, ఇరుసు పక్కన లాంతరు. పెండ్లికి, పురిటికి, తిరునాళ్లకి పోయేది ఈ బండే.

ఆడి నెల పున్నమికి అళగర్ కోవిల్లో తేరు. పగలు ఎండకి ఎద్దులు నీరసపడతాయని పొద్దు వాలినాక మేలూరులో బండి కట్టి, కిడారిపట్టి మీదుగా రాత్రంతా నడిచి, తెల్లారేటప్పటికి కొండ మొదట్లో చేరేవాళ్లంట. నూపురగంగలో స్నానం, పదునెట్టాంపడి కరుప్పన్న దగ్గర మొక్కు, అళగరు దర్శనం, ప్రసాదం దోసె. మూడు రాళ్ల పొయ్యి మీద వంట. కోతులు సద్ది మూటలు ఎత్తుకుపోకుండా ఒకరు కాపలా. రెండు రాత్రులు అక్కడే మకాం. ఈ రోజుకీ కొన్ని ఊర్లవాళ్లు బండ్లు కట్టుకుని అళగర్ కోవిలుకి వస్తా ఉండారు.

చిత్తిరై తిరువిళా సంగతీ ఇట్లాంటిదే. మదురైలో మీనాక్షి కల్యాణం ముందు మాసి నెలలో జరిగేదనీ, 1623 నుంచి 1659 దాకా ఏలిన తిరుమల నాయకుడు దాన్ని చిత్తిరైకి మార్చి అళగరు ఏటిలో దిగే పండగతో కలిపినాడనీ మదురైలో చెప్తారు. కోతలు అయిపోయి, ఎద్దులూ బండ్లూ మనుషులూ ఖాళీగా ఉండే నెల అది. పండగ ఎప్పుడు పెట్టాలి అన్నదానిలో కూడా బండి లెక్క ఒకటి ఉండాదన్నమాట.

ఇక్కడ మేము చెప్పాలనుకునే ముఖ్యమైన మాట ఒకటి ఉండాది. అళగర్ కోవిలుకి మా ఇంటి నుంచి పద్నాలుగు మంది బయలుదేరేవాళ్లు. బండి ఒకటే. ఆరడుగుల తొట్టిలో పద్నాలుగు మంది ఎట్లా పడతారు? పట్టరు. బండిలో ముసలి అవ్వ, పసిబిడ్డ తల్లి, బిడ్డలు, కాలు నొప్పి ఉండేవాళ్లు. తక్కినవాళ్లంతా బండి పక్కన నడక. రాత్రి మకాంలో కూడా అంతే. తొట్టిలో నలుగురైదుగురు, పిల్లగాండ్లు బండి కింద గడ్డి మీద, మగవాళ్లు చెట్టు కింద దుప్పటి పరుచుకుని. బండి ఎంత ఉండాల అని ఆశారి అడిగితే మా ముత్తాత ఇంట్లో తలకాయలన్నీ లెక్క పెట్టలేదు. బయట పడుకోలేనివాళ్లని లెక్క పెట్టినాడు.

ఎనిమిది మంది పడుకోవచ్చు అంటే

తమ్ముడు మొదట చూసింది 32 అడుగుల ట్రైలరు. అమ్మేవాళ్లు కాగితంలో ‘ఎనిమిది మంది పడుకోవచ్చు’ అని రాసినారు. ఇంట్లో మనుషులు నలుగురు: తమ్ముడు, మరదలు, పన్నెండేండ్ల కూతురు, ఏడేండ్ల కొడుకు. ఆరు నెలల వీసా మీద నాయన, అమ్మ పోతే ఆరుగురు. ‘అందరం ఒకే కప్పు కింద ఉండాల నాయనా, అందుకే పెద్దది’ అని తమ్ముడు.

ఆ ఎనిమిది మంది లెక్కని కొంచెం విప్పి చూడాలి. మంచం మీద ఇద్దరు, రైలులో మాదిరి పైనా కిందా ఉండే బెర్తుల్లో నలుగురు, అన్నం తినే బల్లని దించి పరుపు చేస్తే దాని మీద ఇద్దరు. పై బెర్తు ఎక్కేదానికి నిచ్చెన, అది ఎనభై కిలోల మనిషిని మోసేది కాకపోవచ్చు కూడా. బల్ల మీద పడుకునేవాళ్లు లేస్తే గానీ పొద్దున కాఫీ పెట్టేదానికి జాగా దొరకదు. కాబట్టి కాగితం మీది సంఖ్యలో సగమే సుఖంగా పడుకునేవాళ్లు అనుకుంటే మోసం లేదు.

పొడుగు విషయంలో కూడా చూసుకోవాలి. ట్రైలరు పేరులో ఉండే అంకె చాలాసార్లు గది పొడుగు మాత్రమే చెప్తుంది. ముందు కారుకి తగిలించే నొగ, వెనక బంపరు కలుపుకుంటే మూడు నాలుగు అడుగులు ఎచ్చు. క్యాంపింగ్ జాగా బుక్ చేసేటప్పుడు ఒక్కొక్క జాగాలో ఎన్ని అడుగుల బండి పడుతుందో రాసి ఉంటుంది. పాత నేషనల్ పార్కుల్లో జాగాలు చిన్నవి. ముప్పై అడుగులు దాటితే దొరికేవి తగ్గిపోతాయి. మాంటానాలోని గ్లేసియర్ పార్కులో కొండ మీద పోయే ‘గోయింగ్ టు ద సన్’ రోడ్డు ఉండాది. దాని నడిమి భాగంలో కారూ ట్రైలరూ కలిపి 21 అడుగులు దాటితే పోనియ్యరు. అట్లాంటి చోట ట్రైలరుని కింద మకాంలోనే విడిచి కారులో పోవాల్సిందే.

మోటుగా కొలతలు ఇట్లా ఉంటాయి. పదిహేను అడుగుల లోపల ఉండేవి కన్నీటి బొట్టు ఆకారంలో ఉంటాయి, లోపల పడక ఒకటే, వంట వెనక డిక్కీ తెరిచి బయట నిలబడి చేసుకోవాలి. పదహారు నుంచి ఇరవై దాకా మంచం, బల్ల, చిన్న కక్కసు. ఇరవై నుంచి ఇరవై ఐదు దాకా సరైన స్నానాల గది, ఒక్కోదాంట్లో పిల్లలకి బెర్తులు. ఆ పైన పక్కకి జరిగి తెరుచుకునే గదులు, సోఫా. ముప్పై దాటితే ఇల్లే. దాన్ని లాగేదానికి మామూలు కారు చాలదు, పికప్ ట్రక్కు కావాలి.

నొగ మీద ఎంత బరువు

ట్రైలరు బొమ్మలు చూసి నాయన అడిగిన మొదటి ప్రశ్న మంచం గురించి కాదు. ‘ఒరేయ్, ముందు బరువు ఎంతరా?’

బండి తోలినవాళ్లకి ఈ ప్రశ్న అర్థమవుతుంది. రెండు చక్రాల బండిలో సామాను వెనకకి ఎచ్చు పెడితే నొగ పైకి లేస్తుంది, కాడి తాళ్లు ఎద్దు గొంతుని పైకి లాగుతాయి. ముందుకి ఎచ్చు పెడితే కాడి మెడ మీద దిగుతుంది, పది మైళ్లకే మెడ పుండవుతుంది. అందుకే మూటలు ఎక్కించినాక నొగని చేత్తో ఎత్తి చూసేవాళ్లు. కొంచెం ముందుకే మొగ్గు ఉండాల, కానీ ఒక మనిషి ఎత్తగలిగేంత ఉండాల.

ట్రైలరుకీ ఇదే శాస్త్రం. సామాన్లతో నిండిన ట్రైలరు బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు కారు కొక్కెం మీద పడాలి. పదికి తగ్గితే పెద్ద రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు ట్రైలరు తోక అటూ ఇటూ ఊగేదానికి మొదలుపెడుతుంది. లారీ పక్కన దాటిపోతే ఆ గాలికి ఇంకా ఎచ్చవుతుంది. కారునే పక్కకి తిప్పేసేంత ప్రమాదం అది. పదిహేనుకి మించితే కారు వెనక కుంగి, ముందు చక్రాలకి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. ఎద్దుకైతే మెడ పుండు కనపడుతుంది. కారుకి నొప్పి ఉండాదని ఎవరికీ తెలియదు, బ్రేకు పట్టనప్పుడే తెలుస్తుంది.

తమ్ముడి కారు ఏడుగురు కూర్చునేది. లాగే శక్తి 5,000 పౌండ్లు, అంటే దగ్గర దగ్గర 2,270 కిలోలు. కొక్కెం మీద పడే బరువు అందులో పదో వంతు, 227 కిలోలు దాటకూడదని ఉండాది. ఇంతేకాక డ్రైవరు తలుపు తెరిస్తే ఒక స్టిక్కరు కనపడుతుంది. మనుషులూ సామానూ కలిపి ఎంత బరువు మోయవచ్చో అందులో ఉంటుంది. వీళ్ల కారుకి అది 680 కిలోలు. కొక్కెం మీద పడే బరువు కూడా ఈ 680 లోపలికే వస్తుంది. ఈ సంగతి శానామంది మరిచిపోతారు.

మా లెక్క ఇట్లా వేస్తిమి. ఆరుగురు మనుషులు 330 కిలోలు. కారులో పెట్టే సంచులు 30. బరువుని సమంగా పంచే కొక్కెం సామగ్రి 40. అక్కడికి 400. మిగిలింది 280. 32 అడుగుల ట్రైలరు నిండితే 3,450 కిలోలు. నూటికి 12 వంతున లెక్కేసినా కొక్కెం మీద 414. ఏ లెక్కలోనూ పట్టదు. 25 అడుగులది నిండితే 2,500, అదీ కారు శక్తిని దాటింది. నిండిన బరువు 1,850 కిలోలు దాటకుండా ఉంటే కొక్కెం మీద 222. అది పడుతుంది.

నిండిన బరువు అని మళ్లీ మళ్లీ ఎందుకు అంటా ఉండామంటే, అమ్మేచోట పెద్ద అక్షరాలతో రాసేది ఖాళీ బరువు. నీళ్ల తొట్టి నింపితే లీటరుకి కిలో. వంద లీటర్లకి వంద కిలోలు. గ్యాసు సిలిండరు, బ్యాటరీ, కుక్కరు, బియ్యం, పరుపులు, కుర్చీలు అన్నీ కలిపితే మూడు నాలుగు వందల కిలోలు తెలియకుండా ఎక్కుతాయి.

గూడుబండికీ దీనికీ పెద్ద తేడా ఒకటి. నడిచేటప్పుడు ట్రైలరులో మనుషులు కూర్చునేదానికి శానా రాష్ట్రాల్లో ఒప్పుకోరు. అందరికీ కారులోనే సీటు, బెల్టు కావాలి. కాబట్టి మనుషులు పెరిగేకొద్దీ లాగగలిగే ట్రైలరు చిన్నదవుతుంది. మనం అనుకునేదానికి ఇది తలకిందులు.

తమ్ముడు అప్పుడు ‘అయితే పికప్ ట్రక్కు కూడా కొంటా’ అన్నాడు. రెండు అప్పులు. ఇంటి అప్పు ఇంకా పద్దెనిమిదేండ్లు ఉండాది. ఏడాదికి నాలుగైదు సార్లు పోయేదానికి. నాయన కొంచెం సేపు మాట్లాడలేదు. తరువాత, ‘ఎద్దులకి తగ్గ బండి కడతారు గానీ, బండి కోసం ఎద్దుల్ని అమ్ముకుంటారారా?’ అన్నాడు.

లోపల ఎవరు

అప్పుడే పాత లెక్క బయటికి వచ్చింది. బయట పడుకోలేనివాళ్లు ఎవరు? నాయనే ఫోనులో వేళ్లు మడిచి చెప్పినాడు. ‘మీ అమ్మ లోపల. పిల్లవాడు లోపల. వాడికి తోడు కోడలు. ముగ్గురు.’

నాయనకి డెబ్బై రెండు. చిన్నప్పటి నుంచీ బండి కింద పడుకున్న మనిషి. ఎద్దుల మెడగంటలు వింటా నిద్రపోయేవాడు. రాత్రి వాటికి గడ్డి వేసేది, లాంతరులో నూనె చూసేది ఆయన పని. బండిలో ఎక్కి పోయింది కాలు విరిగిన ఏడాది ఒక్కసారే అంటారు. ఇప్పుడు రెండు మోకాళ్లూ అరిగినాయి. నేల మీద కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాలి. అయినా ఆ ముగ్గురిలో తనని కలుపుకోలేదు.

అమ్మ వెనక నుంచి అనింది, ‘మీరూ లోపలే.’

ఆయన ఏమీ అనలేదు. మేమూ అనలేదు. అందరికీ తెలిసిన సంగతే, కానీ బండి లోపలి లెక్కలో నాయన పేరు రావడం ఇదే మొదలు. తరువాత అమ్మకి ఇంకో బాధ మొదలైంది. ‘మేము మెత్తగా లోపల పండుకోని, బిడ్డలు చలిలో గుడారంలోనా? మా కోసం ఎందుకు ఈ అగచాట్లు, మేము ఇంట్లోనే ఉంటాము, మీరు పోయిరాండి.’ పెద్దవాళ్లు ఇట్లా అంటారనే తమ్ముడు 32 అడుగులది పట్టుకుని కూర్చున్నాడని మాకు అప్పుడు అర్థమైంది. దీనికి జవాబు ఇచ్చింది పన్నెండేండ్ల పిల్ల. ‘అవ్వా, నాకు గుడారమే కావాల. నాయన నాతో ఉంటాడు. నువ్వు లోపల ఉంటేనే నేను బయట ఉంటా.’ తాత బండి కింద పడుకున్న కథలన్నీ విన్న పిల్ల అది. బయట పడుకోవడం దానికి తక్కువ జాగా కాదు, అడిగి తీసుకున్న జాగా.

అట్లా తేలింది. లోపల నలుగురు, బయట ఇద్దరు. ఇంత తేలినాక పొడుగు తేలడం సులువు: మూతి నుంచి తోక దాకా 21 అడుగులు. ఖాళీ బరువు 1,450 కిలోలు. కారు మార్చే పని లేదు.

రాత్రి పూట చూడాల్సినవి

పెద్దవాళ్లని తీసుకుపోయేవాళ్లు ట్రైలరుని పగలు నిలబడి చూస్తే చాలదు. రాత్రి రెండు గంటలకి లేచిన మనిషి కళ్లతో చూడాలి.

మంచానికి రెండు పక్కలా దారి ఉండాల. మూలకి ఆనించిన మంచమైతే గోడ పక్క పడుకున్నవాళ్లు ఇంకొకరిని దాటి దిగాలి. మోకాళ్ల నొప్పి ఉండేవాళ్లకి అది కాని పని. ట్రైలరు మంచాలు ఇంటి మంచాల కంటే పొట్టివి కూడా. శానావాటిలో పరుపు పొడుగు 75 అంగుళాల లోపే. ఆరడుగుల మనిషికి కాళ్లు అంచుకి తగులుతాయి.

కక్కసు, స్నానం ఒకే చోట ఉండేవి చిన్న ట్రైలర్లలో ఎచ్చు. ఒకరు స్నానం చేస్తే నేలంతా తడి, తరువాత పోయేవాళ్లు జారతారు. కాళ్లు తడబడే వయసువాళ్లు ఉంటే స్నానం వేరుగా, కక్కసు పొడిగా ఉండేది చూసుకోండి, మంచం కొంచెం చిన్నదైనా ఫరవాలేదు. పట్టుకునే కమ్మీలు బిగించుకోండి. మెట్లు శానా ట్రైలర్లలో ఎత్తుగా ఉంటాయి. కింద ఒక పీట వేస్తే సరిపోతుంది.

వేడినీళ్ల తొట్టి చిన్న ట్రైలర్లలో సాధారణంగా ఆరు గ్యాలన్లు, అంటే 23 లీటర్లు. షవరు కింద నిలబడేవాళ్లకి అది నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. మనవాళ్లకి అది ఒక బకెట్టు పైనే. నాయన, అమ్మ బకెట్టు, చెంబు పెట్టుకుని సుఖంగా పోసుకుంటే పిల్లలకీ మిగిలింది. దీనికి ఏ ఖరీదైన సామానూ అక్కరలేదు.

తాలింపు బయటే పెట్టండి. ఆవాలు, ఎండుమిరపకాయల పొగ చిన్న గదిలో పరుపులకి పట్టిందంటే వారం పోదు. మరదలు పక్కన ఒక చిన్న గ్యాసు పొయ్యి పెట్టుకుని, చెట్టు కిందే వంట చేసింది. పులిహోర, పెరుగన్నం, ఎగవేసిన వంకాయలు. మూడు రాళ్లు లేవన్నమాటే గానీ తక్కినదంతా అదే. ఎలుగుబంట్లు తిరిగే చోట్ల తినే సామాను బయట విడవకూడదు, దానికి ఇనుప పెట్టెలు ఉంటాయి. కోతులకి కాపలా ఉన్నవాళ్లకి ఈ పద్ధతి చెప్పక్కరలేదు.

నిలిపినాక చక్రాలకి రెండు పక్కలా అడ్డం పెట్టినాకనే కొక్కెం విప్పాలి. ఎద్దుల్ని విప్పే ముందు చక్రానికి రాయి పెట్టి, నొగకి ఊతకొయ్య వేసే అలవాటే ఇది.

కొనే ముందు ఒక్కసారి

తమ్ముడువాళ్లు కొనే ముందు అదే కొలతది రెండు రాత్రులకి అద్దెకి తీసుకున్నారు. ఇది అందరికీ చెప్తా ఉండాము. ఇంటికి దగ్గర్లోనే ఒక జాగాలో నిలిపి, ఎవరు ఎక్కడ పడుకుంటారో, రాత్రి ఎవరు ఎన్నిసార్లు లేస్తారో, వెనకకి తిప్పి నిలపడం చేతనవుతుందో లేదో చూసుకోవచ్చు. ఆ రెండు రాత్రుల్లోనే ఇంకో నాలుగడుగులు కావాలో, ఇది చాలో తెలిసిపోతుంది. వాళ్లకి చాలింది.

నాయనకి ఒక పని కూడా దొరికింది. ప్రతి మకాం నుంచి బయలుదేరే ముందు నొగ దగ్గర బరువు చూసేది ఆయనే. దానికి ఒక చిన్న కాటా కొనిచ్చినారు. అంకె చదివి, పెన్సిలుతో నోటుపుస్తకంలో రాసి, ‘ఇంక పోనీరా’ అంటాడంట. నీళ్ల తొట్టి ఖాళీ చేసినప్పుడు ఎంత, నింపినప్పుడు ఎంత అన్నీ ఆ పుస్తకంలో ఉండాయి.

ఇట్లాంటి ప్రయాణం అనుకుంటా ఉండేవాళ్లు ముందు ఒక కాగితం తీసుకోండి. ట్రైలరు బొమ్మలు తరువాత చూడండి. కారు తలుపు మీది అంకె రాసుకోండి, మనుషుల బరువులు రాసుకోండి, ఆ తరువాత బయట పడుకోలేనివాళ్ల పేర్లు రాసుకోండి. ఆ పేర్లు రాసేటప్పుడు మనకంటే పెద్దవాళ్ల పేర్లు వాళ్లు చెప్పరు, మనమే రాయాలి.

ఇంకొక కోరిక. నొగ, కాడి, ఇరుసు, సీల, పూటీ, తొట్టి, ఈ మాటలు మా ఇంట్లో ఇంకా నిలిచి ఉండాయి. కోయంబత్తూరు తట్టు, తేని తట్టు, విరుదునగరం తట్టు మీ ఇండ్లలో ఏమంటారో పెద్దవాళ్లని అడిగి మాకు రాయండి. గూడుబండి పాత ఫొటో ఉంటే, దాని తొట్టి ఎన్ని అడుగులో, అందులో ఎవరెవరు ఎక్కి పోయేవాళ్లో, ఎవరు నడిచేవాళ్లో కూడా రాయండి. అన్నీ ఒక చోట చేర్చి పెడతాము.